గుర్రానికి ఆగడం నేర్పేంత టైం ఇవ్వండి: బెంగళూరు ఓనర్లకి, ట్రైనర్లకి ఒక రైడింగ్ బాయ్ బహిరంగ లేఖ

గుర్రాల ఓనర్ గార్లకి, ట్రైనర్ గార్లకి నమస్కారం.

నేను బెంగళూరులో రేసు గుర్రాల మీద పొద్దున పూట వర్క్ చేసే రైడింగ్ బాయ్‌ని. బాయ్ అంటారు గానీ నాకిప్పుడు 44 ఏళ్ళు. మాది హిందూపురం దగ్గర పల్లె, 17 ఏళ్ళప్పుడు మా మేనమామ వెంట ఇక్కడికొచ్చా, మొదట సైసుగా, అంటే గుర్రాన్ని చూసుకునే పనివాడిగా, తర్వాత రైడర్‌గా. మీ గుర్రాల వల్లే మా ఇల్లు గడిచింది, మా పాప డిగ్రీ చదువుతోంది, ఆ కృతజ్ఞత ఎప్పుడూ ఉంటుంది. విషయం మాత్రం మీకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి.

కొత్త గుర్రాలకి ఆగడం నేర్పకుండానే స్పీడు పెట్టించే తొందర గురించి చెప్తున్నా. దీని గురించే జూన్‌లో ఒక కాగితం రాసి, పదకొండు మందిమి సంతకాలు పెట్టి, ఇద్దరు ట్రైనర్లకి ఒక ఓనర్ గారికి చేతికిచ్చాం. "చూద్దాంలే" అన్నారు. నాలుగు నెలలైంది, ఎవరూ పిలవలేదు, ఏమీ అడగలేదు. అందుకే అందరూ చదివేట్టు రాస్తున్నా.

ముందు జరిగింది చెప్తా. మే నెలలో ఒక రోజు, పొద్దున ఐదున్నర దాటింది, ఇంకా సరిగ్గా వెలుతురు రాలేదు. స్టడ్ (గుర్రాల్ని పుట్టించి పెంచే ఫారం) నుంచి వచ్చి నాలుగు నెలలు కూడా నిండని ఒక ఫిల్లీ, అంటే వయసు తక్కువ ఆడగుర్రం, దాని మీద మడకశిర వైపు నుంచి వచ్చిన 19 ఏళ్ళ పిల్లోడు. ఆ రోజు వాడికిచ్చిన ఆర్డర్ 600 మీటర్లు 40 సెకన్లలో తియ్యమని. అంటే గంటకి 54 కిలోమీటర్లు. వెనక నుంచి వేరే స్టేబుల్ గుర్రం ఒకటి దీని పక్కగా దాటింది అంతే, ఫిల్లీ మెడ కిందికి దించి, బిట్టు (నోట్లో ఉండే కళ్ళెం ఇనుము) పట్టుకుని, లాక్కుని పోయింది. పిల్లోడు రికాబుల మీద లేచి నిలబడి రెండు చేతులా గుంజుతున్నాడు, వాడు గుంజేకొద్దీ అది ఇంకా పోతోంది. ట్రాక్ పక్కన నేను వేరే గుర్రాన్ని నడిపిస్తూ "లాగొద్దురా, చెయ్యి వదులు, వదులు" అని అరుస్తూనే ఉన్నా, వాడికెక్కడ వినపడుతుంది ఆ గాలికి. మలుపు దగ్గర రెయిలింగ్‌కి కొట్టుకుంది. పిల్లోడికి భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు. ఫిల్లీకి ముందు కాలి నరం (టెండన్) తెగింది, ఒక్క రేసు కూడా పరుగెత్తకుండానే దాని పని అయిపోయింది.

మర్నాడు స్టేబుల్‌లో ఏమన్నారంటే "వాడికి చెయ్యి లేదు" అని, అంటే పగ్గం పట్టే నేర్పు లేదని. దవాఖానా ఖర్చు మొదటి రోజుది ఇచ్చారు, మిగతాది వాళ్ళ నాయన అప్పు చేసి కట్టాడు. వాడికి మూడు నెలలు జీతం లేదు.

ఆ ఫిల్లీని నాలుగు రోజుల ముందు నేనే ఎక్కాను. దిగి చెప్పాను కూడా, "దీని నోరు చచ్చిపోతాంది సార్, ఇంకో రెండు నెలలు నడకలో ట్రాట్‌లో పెడదాం" అని (ట్రాట్ అంటే చిన్న పరుగు). ఓనర్‌కి వింటర్ సీజన్ మొదట్లోనే రన్ కావాలి అన్నారు. నేను ఇంకొంచెం గట్టిగా అడ్డం పడి ఉండాల్సింది, ఆ బాధ నాకు ఈరోజుకీ పోలేదు.

ఇప్పుడు నోరు చావడం అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే లక్షలు పెట్టి గుర్రం కొనే ఓనర్లలో కూడా చాలామందికి ఇది తెలియదు, వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి ఎవరూ చెప్పరు.

పరుగెత్తడం గుర్రానికి మనం నేర్పక్కర్లేదు. పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది, మర్నాటికల్లా తల్లి పక్కన ఉరుకుతుంది. భయమేస్తే పారిపోవడం దాని రక్తంలో ఉంది. మేము నేర్పేది ఆగడం, ఓర్చుకోవడం, పక్క గుర్రం దాటిపోతున్నా "నువ్వింకా పోవద్దు" అంటే నమ్మి నిదానంగా ఉండడం. 450, 500 కిలోల గుర్రం, దాని మీద 52 కిలోల మనిషి. బలంతో ఆపేది ఎక్కడ? అది ఒప్పుకుంటేనే ఆగుతుంది.

గుర్రం నోట్లో ముందు పళ్ళకి వెనక దవడ పళ్ళకి మధ్య ఖాళీ ఉంటుంది, చిగురు మాత్రమే, ఎముక మీద పల్చటి తోలు. బిట్టు కూర్చునేది అక్కడ. పగ్గం కొంచెం బిగిస్తే అక్కడ ఒత్తిడి తెలుస్తుంది, గుర్రం వేగం తగ్గించిన క్షణంలోనే ఆ ఒత్తిడి తీసెయ్యాలి. ఆ తియ్యడమే దానికి బహుమతి. బెల్లం ముక్క తర్వాత ఇచ్చినా దానికి అర్థం కాదు, ఒక సెకను లోపల చెయ్యి మెత్తబడాలి, అప్పుడే "ఓహో, నేను నిదానిస్తే ఇది వదులుతుంది" అని ముడిపెట్టుకుంటుంది. తగ్గినా చెయ్యి వదలకపోతే, లేదా ఎప్పుడూ ఒకేలా గుంజి పట్టుకుంటే, గుర్రం ఆ లాగుడు మీద ఆనుకోవడం నేర్చుకుంటుంది. మనం గోడకి ఆనుకున్నట్టు. అప్పుడు లాగుడు దానికి ఆగమనే మాటగా వినపడదు, పరుగెత్తడానికి ఊతం అవుతుంది. మేం నోరు చచ్చింది అనేది దీన్నే. మే నెలలో ఆ పిల్లోడు గుంజేకొద్దీ ఫిల్లీ ఎందుకు పోయిందో ఇదే కారణం. దానికి నాలుగు నెలలుగా నేర్పింది అదే మరి.

నాకు నేర్పిన పెద్దాయన కడప వైపు మనిషి, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడేవాడు, ఇప్పుడు లేడు. నేను మొదటిసారి గుర్రం ఎక్కే ముందు నన్ను లాయం గోడ వైపు తిప్పి నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. రెండు పగ్గాల కొసలు నా చూపుడు వేళ్ళకి చుట్టి, అవతలి కొసలు పట్టుకుని వెనక నిలబడ్డాడు. "నేను బిగిస్తే ఒకటి అను, వదిలితే రెండు అను" అన్నాడు. మొదట్లో గట్టిగా లాగితేనే తెలిసింది. పది నిమిషాలయ్యేసరికి ఆయన ఉంగరం వేలు ముడిచినా, తెరిచినా నాకు తెలిసిపోతోంది. అప్పుడన్నాడు, "తాడు చుట్టిన వేలికే ఇంత తెలిస్తే దాని చిగురుకి ఎంత తెలుస్తాదో చూస్కో బేటా. నీ చెయ్యి అడగాల, గుంజకూడదు." ఒక వారం నన్ను గుర్రం ఎక్కనివ్వలేదు, ఇదే ఆట ఆడించాడు. ఇప్పుడు వచ్చే పిల్లలకి ఈ వారం ఎవరిస్తున్నారు?

కొత్త గుర్రానికి కూడా అంతే టైం కావాలి. మొదట బిట్టు నోట్లో పెట్టి ఊరికే వదిలేస్తాం, మధ్యలో తాళంచెవుల్లాంటి చిన్న బిళ్ళలు వేలాడే బిట్టు ఒకటుంటుంది, గుర్రం నాలుకతో వాటిని కదిలిస్తూ ఆడుకుంటుంది, నోట్లో తడి ఊరి పెదాల చివర తెల్లగా నురగ వస్తుంది, ఆ నురగ చూస్తే దవడ వదులుగా ఉందని మాకు ధైర్యం. ఆ తర్వాత పొట్టకి పట్టీ, పొడుగు తాడు కట్టి గుండ్రంగా తిప్పడం, రెండు పొడుగు పగ్గాలతో వెనక నడుస్తూ కుడికి ఎడమకి తిప్పడం, ఆగమనడం. ఈ వెనక నడిచే పని చూడ్డానికి ఏమీ లేదు, స్టాప్‌వాచ్‌లో పడదు, అందుకే దీన్నే ముందు ఎగరగొడుతున్నారు. కానీ బ్రేక్ పడేది ఇక్కడే. తర్వాత లాయంలోనే జీను మీద బోర్లా పడుకోవడం, మెల్లగా కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చోవడం, ఒక ముసలి నిదానస్తుడైన గుర్రం వెనక నడక, ట్రాట్, కాంటర్ (ట్రాట్ కంటే కాస్త జోరు పరుగు). రేసు మొదలయ్యే స్టార్టింగ్ గేట్ అయితే మొదట ముందూ వెనకా తలుపులు రెండూ తీసి ఊరికే నడిపించుకుని అవతలికి పోవాలి, రోజుల తరబడి, ఆ తర్వాతే మూసేది.

స్పీడు నేర్పేది దాని తర్వాత. 200 మీటర్లు 15 సెకన్లలో పోతే అది కాంటర్‌ని దాటిన జోరు, కానీ రేసు స్పీడు కాదు, 12 సెకన్లయితే రేసు స్పీడు, గంటకి 60 కిలోమీటర్లు. ఆ మూడు సెకన్ల తేడా మా చేతుల్లో, కూర్చునే తీరులో, మనసులో వేసుకునే లెక్కలో ఉంటుంది. రెండు పగ్గాలూ మెడ మీద ఒకదాని మీద ఒకటి వేసి పట్టుకుంటాం, దాన్ని బ్రిడ్జ్ అంటాం, అప్పుడు గుర్రం లాగినా ఆ బరువు దాని మెడ మీదే పడుతుంది, మా భుజాల మీద కాదు. చేతులు దించి, వీపు మెత్తగా పెట్టి, ఊపిరి నిదానంగా వదిలితే గుర్రం కూడా వదులవుతుంది, నేను వందల సార్లు చూశా. మా గుండె దడదడలాడితే దానికి జీను కింద నుంచే తెలుస్తుంది. గుర్రం ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు, పూర్తి పరుగు అంటే గ్యాలప్‌లో ఒక్కో అంగకి ఒక్కో ఊపిరి. రైడర్‌తో పోట్లాడుతూ మెడ వంచి దవడ బిగించిందంటే గాలి దారి ఇరుకవుతుంది. అంటే నేర్పని గుర్రం ఆఖరి 400 మీటర్లకి రాకముందే ఖాళీ అయిపోతుంది. మీ డబ్బు కోణంలో చూసినా ఈ తొందర మీకే నష్టం సార్.

చాబుక్కు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నోరు చచ్చిన గుర్రానికి తర్వాత అదే మందు అనుకుంటారు. 2011లో ఆస్ట్రేలియాలో రేసులు గమనించి చూశారు, గుర్రాలు ఎక్కువ స్పీడు అందుకున్నది ఆఖరి 600 నుంచి 400 మీటర్ల మధ్య, అప్పటికి కొట్టడం మొదలే కాలేదు, కొట్టే చోటికి వచ్చేసరికి అలిసి స్పీడు తగ్గుతూనే ఉంది. 2020లో గుర్రం తోలునీ మనిషి తోలునీ పక్కపక్కన పెట్టి చూశారు, నొప్పి తెలిసే పై పొరలో పెద్ద తేడా దొరకలేదు. నార్వేలో 1982 నుంచే పరుగు కోసం కొట్టడం బంద్ చేశారు, బ్రిటన్‌లో 2023 నుంచి ఫ్లాట్ రేసులో (దూకే అడ్డంకులు లేని రేసు) ఆరు దెబ్బలకి మించకూడదు. మన గుర్రాలకి ఉన్నదీ అదే తోలు కదా.

ఇప్పుడు ఈ తొందర వల్ల ఎవరెవరికి ఏమవుతోందో రాస్తా.

1. మొదట దెబ్బ తగిలేది రైడింగ్ పిల్లలకి. వీళ్ళు హిందూపురం, మడకశిర, కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చిన పిల్లలు, ఒక్క రూములో ఆరుగురు ఉంటారు, ఇంటికి పదివేలు పంపితే గొప్ప. భుజం విరిగితే మూడు నెలలు పని లేదు, పని లేకపోతే రూము బాడుగ లేదు, ఊరికెళ్ళి కూర్చుంటే మళ్ళీ వచ్చేసరికి వాడి గుర్రాలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. హెల్మెట్ ఇస్తారు, సరే, కానీ కొన్ని హెల్మెట్లు ఎన్నిసార్లు కింద పడ్డాయో దేవుడికే తెలియాలి, ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ మళ్ళీ పెట్టుకోకూడదు. ఛాతీకి కట్టుకునే జాకెట్ మా పదకొండు మందిలో నలుగురికే ఉంది, ఆ నలుగురూ సొంత డబ్బుతో కొనుక్కున్నారు. రేస్ క్లబ్బులకి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చట్టం వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. క్లబ్ ఉద్యోగులకి ఉండాల్సిన రక్ష, అదే ట్రాక్ మీద పొద్దున్నే ప్రాణం పణంగా పెట్టి గుర్రాన్ని ఎక్కేవాడికి ఉండొద్దా? ఆ 19 ఏళ్ళ పిల్లోడి అమ్మ నాకు ఫోన్ చేసి "అన్నా, మావోడి చెయ్యి మళ్ళా పైకి లేస్తాదా" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

2. సైసులు. నోట్లో పుండు ఉన్న గుర్రం కళ్ళెం చూడగానే చెవులు వెనక్కి మడుస్తుంది, కొరుకుతుంది, తంతుంది. తగిలేది పొద్దున నాలుగింటికి దాణా పెట్టడానికి వెళ్ళినోడికి.

3. గుర్రం. ఏ వయసులో ఏ ఎముక గట్టిపడుతుందో మీ డాక్టర్లే చెప్తారు, వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడేసరికి ఐదేళ్ళు పైనే. చిన్నప్పుడు అసలు పరుగెత్తించొద్దు అనట్లేదు నేను, కొద్దికొద్దిగా, తక్కువ దూరం స్పీడు పెడితే ఎముకకి మంచిదే. కానీ చెప్పినప్పుడు ఆగని గుర్రానికి "కొద్దికొద్దిగా" ఎలా పెడతాం? 600 తియ్యమంటే అది 1600 పోతుంది.

4. దీని గురించి ఎవరూ ఆలోచించట్లేదు. రేసుకి పనికిరాని గుర్రం ఎక్కడికి పోతోంది? కొన్ని రైడింగ్ స్కూళ్ళకి పోతాయి, కొన్ని చేతులు మారి మారి ఏ రిసార్టులోనో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతుంటాయి. లాగితే పరుగెత్తాలి అని మనం నేర్పిన గుర్రం మీద ఆదివారం పూట పన్నెండేళ్ళ పాపని కూర్చోబెడతారు. పాప భయపడి పగ్గాలు గట్టిగా గుంజుతుంది. తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు, మే నెలలో కళ్ళారా చూశా. సిల్క్ బోర్డ్ జంక్షన్ లాంటి రద్దీ కూడలిలో బ్రేకుల్లేని బండి ఇంకొకరికి అమ్మితే మనల్ని ఏమంటారు? ఇదీ అంతే.

5. టికెట్ కొనే జనం కూడా. గేటు తెరిచిన దగ్గర్నుంచి జాకీతో పోట్లాడి, సగం దూరంలోనే ఊపిరంతా ఖర్చు పెట్టేసుకున్న గుర్రం మీద వాళ్ళ డబ్బు పోతుంది, జాకీని తిడతారు.

6. పని పోతోంది. గుర్రానికి నోరు చెయ్యడం (పగ్గం మాట వినడం నేర్పడం) తెలిసిన పాతవాళ్ళు మా దగ్గర ఇప్పుడు నలుగురైదుగురం. మా తర్వాత ఎవరూ లేరు, ఎందుకంటే నిదానంగా నేర్పే పనికి విలువ లేదు, ఫాస్ట్ వర్క్ (స్టాప్‌వాచ్ పెట్టి వేగంగా పరుగెత్తించే పని) తీసినోడికే బక్షీస్.

1996లో చెన్నై రేసుల కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం ఆట అని తీర్పు ఇచ్చింది కదా, ఆ తీర్పు వల్లే ఈ రోజు ఈ ఆట బతికి ఉంది. ఆ తీర్పులో ముఖ్యంగా చెప్పింది ఏంటంటే గుర్రం వేగం, దమ్ము శిక్షణ వల్ల వస్తాయి అని. కోర్టు ముందు శిక్షణ పేరు చెప్పుకుని గెలిచాం, లాయంలోకి వచ్చాక ఆ శిక్షణకే టైం లేదంటే ఎలా సార్?

ఖర్చుల మాట నాకు తెలుసు. 2017 నుంచి బెట్ల మీద 28 శాతం జీఎస్టీ, తర్వాత ఇంకా పెరిగింది, రేసులు తగ్గాయి, ప్రైజ్ మనీ తగ్గింది, ఒక గుర్రాన్ని నెలంతా మేపడం ఎంత భారమో లాయంలో పనిచేసే మాకు కనపడుతూనే ఉంటుంది. ఓనర్ ఆత్రపడడంలో అన్యాయం లేదు. కానీ మిగిలిన ఆ రెండు నెలల దాణా ఖర్చు ఆ ఫిల్లీ ఖరీదు ముందు ఎంత? ఆ పిల్లోడి చెయ్యి ముందు ఎంత?

అందుకని మేం అడుగుతున్నవి ఇవి, జూన్ కాగితంలో ఉన్నవే. స్టడ్ నుంచి వచ్చిన గుర్రానికి కనీసం నాలుగు నెలలు నేల మీద పని (ఎక్కకుండా నేర్పేది), నడక, ట్రాట్, నిదానం కాంటర్ పూర్తయ్యేదాకా ఫాస్ట్ వర్క్ పెట్టకండి, పెట్టే ముందు దాన్ని రోజూ ఎక్కే రైడర్ని అడగండి, "ఇది ఆగుతుందా" అని. ఒక్క ప్రశ్న. వాడు లేదు అంటే అది ఒక పుస్తకంలో రాయండి, తేదీ వేసి, సంతకం తీసుకుని, అప్పుడు రేపు ఏదైనా జరిగితే "వాడికి చెయ్యి లేదు" అనే మాట ఎవరూ అనలేరు. ఏడాది అనుభవం లేని పిల్లల్ని కొత్త గుర్రాల మీద ఎక్కించకండి, ఎక్కించక తప్పకపోతే పక్కన పెద్ద గుర్రం, దాని మీద పెద్ద రైడర్ ఉండాలి. గుర్రం లాగుతోంది అనగానే ఇంకా గట్టి బిట్టు మార్చడం, నాలుక కట్టెయ్యడం ఆపి ముందు డాక్టర్‌తో పళ్ళు చూపించండి, దవడ పళ్ళ ముందు చిన్న తోడేలు పన్ను ఒకటి కొన్నిటికి వస్తుంది, బిట్టు దానికి తగిలినప్పుడల్లా ప్రాణం పోతుంది, దాన్ని తీసేస్తే సగం గుర్రాలు వాటంతట అవే నిమ్మళిస్తాయి, ఇది నా అనుభవం. ప్రతి రైడర్‌కీ కొత్త హెల్మెట్, ఛాతీ జాకెట్ స్టేబుల్ ఖర్చుతో ఇవ్వాలి. నెలకి 21,000 లోపు జీతం ఉన్న ప్రతి రైడర్నీ, సైసునీ ఈఎస్ఐలో చేర్చండి. కొత్త పిల్లలకి పగ్గం పట్టడం నేర్పడానికి వారానికి రెండు రోజులు, రోజుకో గంట ఇవ్వండి, నేర్పడానికి నాకు డబ్బులేం వద్దు, మిగతా పాతవాళ్ళూ అదే మాట అన్నారు.

ఇంకొకటి ఆ పిల్లోడి విషయం. మూడు నెలల జీతం, వాళ్ళ నాయన చేసిన దవాఖానా అప్పు, రెండూ ఇవ్వాలి. వాడు ఇప్పుడు మడకశిరలో ఇంట్లో ఉన్నాడు, చెయ్యి భుజం దాకా లేస్తోంది, అంతకు మించి ఇంకా లేవట్లేదు. పనిలోకి వస్తానంటున్నాడు, వాడిని మళ్ళీ తీసుకోవాలి, వాడి మీద వేసిన మాట వెనక్కి తీసుకోవాలి.

మేం సమ్మె చేస్తామని బెదిరించట్లేదు. గుర్రాలకి రోజూ వ్యాయామం కావాలి, మేం మానేస్తే బాధపడేది అవే, అది మాకు తెలుసు, మీకూ తెలుసు. కానీ ఈ నెలాఖరు లోపల ఒక్క గంట మాతో కూర్చుని మాట్లాడకపోతే, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా పదకొండు మందిలో ఎవ్వరం నాలుగు నెలలు నిండని గుర్రం మీద ఫాస్ట్ వర్క్ చెయ్యం. నడిపిస్తాం, ట్రాట్ చేయిస్తాం, కాంటర్ చేయిస్తాం, 40 సెకన్ల పని మాత్రం చెయ్యం. ఏ స్టేబుల్ పిలిచినా వస్తాం, పొద్దున వర్క్ అయ్యాక తొమ్మిదిన్నర నుంచి ఖాళీయే.

ఇట్లు
26 ఏళ్ళుగా మీ గుర్రాలు ఎక్కుతున్న ఒక రైడింగ్ బాయ్, ఇంకా పదిమంది
బెంగళూరు